టై వెనక ముడులు

“ఏంటి సార్, సగం టైల వెనకాల ఈ దారం ముడులు?” అంటూ కొత్త సూపర్‌వైజరు చేతిలో కత్తెర ఆడించాడు.

టై సారు గుమ్మంలోనే ఆగిపోయాడు. కౌంటరు మీద అప్పటికే దారం ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి.

“అవి... అలాగే ఉంటాయండీ.”

“నాసిరకం కుట్టు సార్! కొనేవాళ్ళు చూస్తే పరువేం కాను? పొద్దున్నే వచ్చి అన్నీ కత్తిరించేశా. వరసలు కూడా మార్చేశా. ఇప్పుడెంత బావుందో చూడండి.”

మెచ్చుకుంటాడేమోనని మొహంలోకి చూశాడు. టై సారు కుప్పలోంచి ఒక దారం ముక్క తీసి చూశాడు.

పదకొండేళ్ళుగా ఆ సూట్ల షాపులో ఆయన మాటకి తిరుగులేదు. ఏ సూటుకి ఏ చొక్కా, ఏ చొక్కాకి ఏ టై అన్నది ఆయన చెప్పాక ఇంక అప్పీలు లేదు. “టై సారు లేరా? అయితే రేపొస్తాం” అని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ మెరూను, ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు, ఈ మూడూ ఆయన కంటికి ఒకే తల్లి పిల్లలు. ఎవరు ఎవరో పోల్చుకోలేడు. ఆ సంగతి ఇంట్లో భార్యకి తప్ప ఎవరికీ తెలీదు.

ఉపాయమూ ఆవిడదే. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఆయన ఇస్త్రీకని టైలు ఇంటికి మోసుకొచ్చేవాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మెరూనుకి ఒక ముడి, ఆకుపచ్చకి రెండు, గోధుమరంగుకి మూడు వేసేది.

“పెళ్ళైన కొత్తలో నా శాలువా రంగు బావుందన్నారు. ఏ రంగని అడిగితే మీకు దగ్గొచ్చింది. అప్పుడే అనుకున్నా” అనేది, సూదిలో దారం ఎక్కిస్తూ.

మునుపు పనిచేసిన షాపులో ఒక్క టై తారుమారైనందుకు భోజనం వేళకల్లా ఇంటికి పంపేశారు. ఈ వయసులో మళ్ళీ అదే జరిగితే ఇంకో షాపు గడప ఎక్కనిచ్చేవాళ్ళు లేరు. పోనీ టైల ఫోటో తీసి భార్యకి పంపి అడుగుదామంటే, పనివేళల్లో ఫోన్లన్నీ సొరుగులో పెట్టి తాళం వెయ్యడం అక్కడి పద్ధతి. తాళంచెవి సూపర్‌వైజరు జేబులో భద్రంగా ఉంది.

అంతలో యజమాని వచ్చాడు. ఎప్పటిలాగే నల్ల సూటు, తెల్ల చొక్కా, నల్ల టై. ఇన్ని రంగులమ్మే మనిషి ఒంటిమీద మూడో రంగు చూసినవాళ్ళు లేరు. అదేమంటే “ముస్తాబు కొనేవాళ్ళకయ్యా, మనకెందుకు?” అంటాడు.

“నిన్న దిగిన సరుకు సాయంత్రం పట్టుకెళ్ళు. ఇస్త్రీ మీ ఇంట్లోనే బాగా వస్తుంది. ఇంకెవరికీ ఇవ్వకు” అని టై సారుకి సరుకు దిగినప్పుడల్లా చెప్పే మాటే చెప్పి గదిలోకి వెళ్ళిపోయాడు.

మొదటి బేరంగా భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆవిడ చేతిలో నీలం సూటు, తెల్ల చొక్కా.

“రేపు ఈయనకి ఇంటర్వ్యూ అండీ. దీనిమీదకి మెరూను టై కావాలి.”

టై సారు అలమర ముందు నిలబడ్డాడు. ఒక్కొక్క టై వెనకా వేలు పోనిచ్చాడు. నున్నగా ఉంది. ఇంకోటీ నున్నగానే ఉంది.

“మీకేది నచ్చిందో చెప్పండమ్మా” అన్నాడు నీరసంగా.

“మాకే తెలిస్తే మీదాకా ఎందుకొస్తాం?”

మూడు టైలు ఒకేలా ఆయన్ని చూస్తున్నాయి. కళ్ళు మూసుకున్నంత పనిచేసి మధ్యది లాగాడు.

“ఇదిగోనమ్మా, నికార్సయిన మెరూను.”

ఆవిడ టై వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. “ఇది ఆకుపచ్చ కదండీ?”

“నన్ను ఇంటర్వ్యూకి పంపుతున్నారా, తోటలో పాతుతున్నారా?” అన్నాడు మొగుడు.

సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. “టై సారూ, వేళాకోళమా?”

టై సారు నవ్వబోయాడు. మొహం సహకరించలేదు. ఆ అలికిడికి యజమాని గదిలోంచి బయటికొచ్చాడు.

“మీరే చూడండి సార్, దీన్ని మెరూనంటున్నారు!” అని సూపర్‌వైజరు టై అందించాడు.

“బట్టని కంటితో కాదయ్యా, చేత్తో చూడాలి” అన్నాడు యజమాని. అది ఆయన ఊతపదం. టై తిరగేసి వెనకవైపు బొటనవేలితో ఒకసారి రాశాడు. మళ్ళీ రాశాడు. మొహం మాడిపోయింది.

“అమ్మా, మీకు నచ్చింది మీరే చూసి తీసుకోండి” అన్నాడు వచ్చినావిడతో. తర్వాత టై సారు వైపు తిరిగి, “నువ్వు నా గదిలోకి రా” అన్నాడు.

అలమర నుంచి గదికి పది అడుగులు. పదకొండేళ్ళ కొలువు ఆ పది అడుగుల్లో అయిపోయిందనుకున్నాడు టై సారు.

యజమాని తలుపు గడియ పెట్టాడు. “ముడులేవి?”

టై సారు తలెత్తి చూశాడు. ఈయనకెప్పుడు తెలిసింది? “సూపర్‌వైజరు గారు... కత్తిరించేశారండీ.”

“అన్నీ?”

“ఒక్కటీ మిగల్లేదు సార్. తప్పు నాదే. నా కంటికి కొన్ని రంగులు ఆనవు. పనిలోకి తీసుకోరని దాచాను. నన్నేమన్నా అనండి, మా ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి. నాకోసమే వేసిందామె.”

యజమాని కుర్చీలో కూలబడ్డాడు. చేతిలోని టైని నిస్సహాయంగా అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మరి ఇవాళ మనిద్దరికీ రంగులెవరు చెబుతారయ్యా?”