కొలత కోసం

“ఇంకా పది రోజులా! నెల్లాళ్ళ నుంచీ ఇదే పాట!”

నర్సు ఫొటో స్టూడియో కౌంటర్ మీద చెయ్యి చరిచింది. పక్కన కంప్యూటర్లో పాస్‌పోర్ట్ ఫొటోలు చేస్తున్న అమ్మాయి తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

స్టూడియో నడిపే ముసలాయన మాత్రం చలించలేదు.

“నలభై ఏళ్ళ ఫిల్మమ్మా. తొందరపడితే చేతికి మసే మిగులుతుంది.”

ఆవిడ తొందర ఆవిడది మరి. ఏడాది పిల్లగా ఉన్నప్పుడే తల్లి పోయింది. ఎలా ఉండేదో చూసుకుందామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆ మధ్య పిన్ని అటక సర్దుతుంటే నాన్న పాత కెమెరా దొరికింది, లోపల కడిగించని రీలుతో సహా.

పెద్ద పెద్ద షాపులన్నీ తిరిగింది. “రీలా? ఇప్పుడెవరు కడుగుతారండీ!” అని నవ్వారు. ఒకడైతే అక్కడికక్కడే డబ్బా ఊడదీయబోయాడు. వెలుతురు తగిలితే ఇంకేముంది, గోవిందా! లాక్కుని బయటపడింది. చివరికి ఈ మేడమీద గదీ, ఈ నత్తనడక మనిషీ దొరికారు.

పదకొండో రోజున కవరు చేతికొచ్చింది.

ఒళ్ళో పిల్లని పెట్టుకుని ఒకావిడ పడీపడీ నవ్వుతోంది. ముందు పళ్ళ మధ్య సందు, అచ్చం తనకున్నట్టే.

“అమ్మ!”

అంతే. అక్కడే బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ముసలాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

“ఇంత స్పష్టంగా ఎలా వచ్చిందండీ?”

“మీదేమో ఒక్కటే రీలు. తప్పితే మళ్ళీ చెయ్యలేం. అందుకని అదే కంపెనీది, అంతే వయసున్నది ఇంకోటి ముందు కడిగి చూశాను. కడిగే మందులో ఎక్కువసేపు ఉండిపోయి నల్లగా మాడిపోయింది. దాంతో మీదానికి కొలత తెలిసింది.”

“పోనీలెండి, మాడితే అదే మాడింది. నాది బతికింది!” కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది నర్సు.

“అదేగా కావలసింది,” అని ఆయనా నవ్వాడు.

వారం తిరక్కుండా ఆవిడ మళ్ళీ మెట్లెక్కింది. ఆ రోజు ఏడుపులో థాంక్స్ కూడా చెప్పలేదు. ఆయనకి రెండు చేతులా దణ్ణం పెడితే గానీ మనసు కుదుటపడేలా లేదు.

కౌంటర్లో అమ్మాయి ఒక్కతే ఉంది.

“నాన్న భోజనానికెళ్ళారు, కూర్చోండి.”

“మీ నాన్నగారు నా పాలిటి దేవుడమ్మా! పాపం, ఆ రెండో రీలు కోసం ఎక్కడెక్కడ తిరిగారో!”

అమ్మాయి చేతిలో పని ఆపేసింది.

“చెప్పద్దన్నారు గానీ... ఎక్కడా తిరగలేదండీ, అది మా ఇంట్లోదే. కడిగి చూసే ధైర్యం చాలక ఇన్నేళ్ళూ నాన్న బీరువాలో దాచుకున్నారు. నాలుగు నెలలే బతికిన మా అన్నయ్య ఫొటోలున్నది ఆ ఒక్క రీల్లోనే.”