లేని వ్యాన్‌కి పందిరి

"మీ వ్యాన్ పొడవెంత సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

సైదావలి భార్య వైపు చూశాడు. వాళ్లకు వ్యాన్ లేదు. ఉన్నదల్లా ఒక పాత స్కూటర్. అది బయట బెంజ్ సర్కిల్ ఎండలో మాడుతోంది.

"పెద్దదేనమ్మా. ఇబ్రహీంపట్నంలో మా తమ్ముడి దగ్గరుంది," అంది కరీమున్నీసా తడుముకోకుండా.

అబద్ధం ఆడేటప్పుడు ఆవిడ గొంతు మరీ తియ్యగా ఉంటుంది. ఇన్నేళ్లు కాపురం చేసిన సైదావలికి ఆ సంగతి బాగా తెలుసు. ఆయన గోడ వైపు తిరిగి దగ్గాడు.

అది క్యాంపింగ్ వ్యాన్లకు సామాన్లు అమ్మే షాపు. మడత కుర్చీలు, బుల్లి గ్యాస్ పొయ్యిలు, వ్యాన్ పక్కన నీడకోసం చాచుకునే పందిళ్లు. ఆనింగ్ అంటారట. కరీమున్నీసాకు వాటితో పనేం లేదు. ఆవిడ చూడ్డానికొచ్చింది వాటిని అమ్మే పిల్లని. పేరు ఇల్మా. కొడుకు అఫ్రాజ్‌కి వచ్చిన సంబంధం. శుక్రవారం నమాజు తరవాత పెళ్లిచూపులు.

చూపుల్లో ఏం తెలుస్తుంది? తల మీద చెంగు కప్పి, చేతికి టీ కప్పుల ట్రే ఇస్తే ఏ పిల్లయినా బుద్ధిమంతురాలే. కరీమున్నీసా తన అన్న కొడుక్కి అలాగే ఒక పిల్లని ఏరికోరి తెచ్చింది. చూపుల్లో తలెత్తని ఆ పిల్ల పెళ్లయ్యాక గొంతు దించితే ఒట్టు. ఇప్పుడు సొంత కొడుకు వంతు. ఒక్కగానొక్కడు. ఇల్లా, రెండు గదులు. వంటగది ఒకటే. మనిషి ఎలాంటిదో తెలియకుండా తెచ్చుకోవాలంటే ఆవిడకు నిజంగానే భయంగా ఉంది. అందుకే ఈ వేషం.

"ఆ నీలం రంగుది తెరిచి చూపించమ్మా."

పందిళ్లు గోడకి వరసగా బిగించి ఉన్నాయి. ఇల్మా పిడి తిప్పింది. చుట్ట విచ్చుకుని గుడ్డ బయటికొచ్చింది. రెండు కాళ్లు కిందికి దించి నేలకి ఆనించింది.

"నీలం బాలేదు. ఆకుపచ్చది చూపించు."

ఆకుపచ్చది తెరిచింది.

"గుడ్డ పల్చగా ఉందే."

"మందం కావాలంటే ఇది మేడమ్. మన ఎండలకి ఇదే ఆగుతుంది. కాకపోతే తడిసినప్పుడు అలాగే చుట్టి పెట్టకూడదు, బూజు పడుతుంది."

"మళ్లీ ఆ నీలందే చూపించు."

ఈసారి పిల్ల మొహం మాడ్చుకుంటుందేమోనని కరీమున్నీసా కళ్లు చికిలించి చూసింది. ఇల్మా నవ్వుతూనే నీలందాని దగ్గరికి వెళ్లింది. ఓర్పుకి మార్కులు పడ్డాయి.

"ఏది తీసుకోవాలో చెప్పాలంటే నాకు కొన్ని తెలియాలి మేడమ్," అంది ఇల్మా. "దీని కింద ఎవరెవరు కూర్చుంటారు?"

"మేమిద్దరం, మా అబ్బాయి. రేపు కోడలొస్తే కోడలు."

"కోడలు ఉద్యోగం చేస్తుందా?"

"అదెందుకు?"

"ఆవిడకి సెలవు దొరికినప్పుడే కదా మీ ప్రయాణం? ఎండల్లోనా, వానల్లోనా అన్నదాన్ని బట్టి గుడ్డ."

"చేస్తే చేసుకుంటుంది. మానెయ్యమని మేమెందుకంటాం?"

"వంట ఎవరు చేస్తారు? పొయ్యి ఎటు పెడితే అటు గాలికి అడ్డంగా తెర కట్టాలి."

"చేపల పులుసు మాత్రం నేనే!" అన్నాడు సైదావలి హుషారుగా. "మంగినపూడి బీచ్‌లో, పందిరి కింద పొయ్యి వెలిగించి, చింతపండు పిసికి..."

లేని వ్యాన్‌లో ఆయన అప్పుడే బందరు దాటేశాడు. కరీమున్నీసా ఆయన కాలు తొక్కింది.

ఇక మిగిలింది కోపం. పిల్లకి కోపం వస్తే ఎలా ఉంటుందో చూడాలి.

"నేనోసారి తిప్పి చూస్తానమ్మా," అంటూ పిడి అందుకుని కావాలనే అడ్డదిడ్డంగా తిప్పింది. పందిరి కాలు ఒకటి జారింది. పందిరి కాస్తా సైదావలి నెత్తిన కూలింది. గుడ్డ కిందినుంచి "యా అల్లా!" అని కేక వినిపించింది.

అంత పని అవుతుందని ఆవిడ అనుకోలేదు. ఇల్మా పరుగెత్తుకొచ్చింది. గుడ్డ చిరిగిందేమోనని చూడలేదు, ముందు మనిషిని బయటికి లాగింది.

"దెబ్బేమైనా తగిలిందా అంకుల్?" అని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కరీమున్నీసా వైపు తిరిగింది. "ఎలా పడింది మేడమ్? అంకుల్ కాలు తగిలిందా?"

తప్పు మొగుడి మీదకి నెట్టడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. కరీమున్నీసా నోరు తెరిచింది కూడా. కానీ దుమ్ము కొట్టుకున్న ఆయన మొహం చూసేసరికి నవ్వు ఆగలేదు.

"ఆయనేం చెయ్యలేదమ్మా. నేనే, చేతకాని తిప్పుడు తిప్పాను," అంది కడుపు పట్టుకుని.

ఇల్మా కూడా పకపకా నవ్వేసింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పందిరి చుట్టారు. ఎన్నాళ్లనుంచో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లలా చేతులు కలిశాయి. కరీమున్నీసాకు మనసు తేలికపడింది. ఈ పిల్ల తన వంటగదిలో తిరుగుతుందంటే భయమేం లేదు.

"ఇంటికెళ్లి వ్యాన్ కొలుచుకుని వస్తామమ్మా."

"అలాగే మేడమ్."

బయటికొచ్చి స్కూటర్ ఎక్కుతూ ఆవిడ మొగుడి చెవిలో గొప్పగా అంది. "చూశారా? పిల్లకి ఇంత కూడా అనుమానం రాలేదు."

సైదావలి కిక్ కొట్టబోతుండగా ఇల్మా గబగబా మెట్లు దిగి వచ్చి, దుపట్టా తల మీదికి లాక్కుని చిన్నగా నవ్వింది.

"సంబంధం తెచ్చినవాళ్లు చూపించిన మీ ఫ్యామిలీ ఫోటోలో కంటే బయటే బాగున్నారు అత్తయ్యా, మీరిద్దరూ నాకు నచ్చారు, ఇక శుక్రవారం అబ్బాయిని చూపించండి."