మాస్టరు పిలిచిన హాజరు

1958లో ఐర్లండు నుంచి పెనుకొండ చర్చికి ఉత్తరం వచ్చింది. రైల్వే గార్డుగా పనిచేస్తూ చనిపోయిన మా తాత మైకేల్ డెలానీని మీ దగ్గరే పూడ్చారా, చెప్పగలరా అని ఎవరో మనవరాలు రాసింది.

దేవసహాయం మాస్టరు చర్చి గదిలో లాంతరు ముందు కూర్చొని సమాధుల రిజిస్టరు తెరిచాడు. రెండేళ్ల కిందట భార్య రూతమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. అందుకే చీకటి పడినా లేవలేదు.

ముప్పై ఏళ్లు బడిలో హాజరు పిలిచిన అలవాటు ఆయనది. ఒక్కో పేరూ పైకి చదివి, పిల్లలు పలికేంతసేపు ఆగి, తర్వాతి పేరుకు పోతున్నాడు.

"మైకేల్ డెలానీ."

"యెస్," అన్నారెవరో కిటికీ అవతల.

అవతల సమాధులు తప్ప ఏమీ లేవు. గాలి కూడా వీయడం లేదు. మాస్టరు రిజిస్టరు మూసి, లాంతరు పట్టుకొని గబగబా తలుపు దాకా వచ్చాడు.

"ఏమయ్యా," అంది వెనక నుంచి ఆడగొంతు. "యాడిదో దొర పేరు పిలిస్తివి. నా పేరు పిలవకుండానే పోతాండావా?"

మాస్టరు తలుపు దగ్గరే ఆగాడు. బయటికి పోలేదు. లాంతరు తిరిగి బల్లమీద పెట్టి, రూతమ్మ పేరున్న చివరి పేజీ తెరిచాడు.