మూడు మిల్లీమీటర్లు

"కంప్యూటర్లో నాలుగు వేల సిమ్యులేషన్లు చేశా అంకుల్! పంపు రెక్క అంచు మూడు మిల్లీమీటర్లు పలచన చేస్తే కరెంటు ఆరు శాతం ఆదా," అన్నాడు ఇంజనీరు భరద్వాజ్. రేపు దానికే అవార్డు.

కెనడాలోని హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీ ఫిట్టరు సుబ్బరాజు పంపు ఆపి మూత విప్పాడు. "కొలిచి చూడు బాబూ."

కొలిచాడు. అంచు అప్పటికే డ్రాయింగు కన్నా మూడు మిల్లీమీటర్లు పలచగా ఉంది.

"డ్రాయింగులో ఇలా లేదే!"

"తొమ్మిదేళ్ల కిందట ఈ పంపు ఒకటే రొద పెడుతుంటే, అది నోరు మూసేదాకా రెక్క అంచుని గ్రైండరుతో అరగదీశా. పదో తరగతి తప్పినోడు డిజైన్ మార్చాడంటే ఉద్యోగం ఉంచుతారా? నువ్వు డ్రాయింగు చూశావు గానీ, పంపుని చూశావా?"

భరద్వాజ్ మొహం మాడిపోయింది. ఆ ఆరు శాతం తొమ్మిదేళ్లుగా ఆదా అవుతూనే ఉంది.

"ఎవరికీ చెప్పకండి అంకుల్. నా ఉద్యోగం పోతుంది."

ఆ భయం సుబ్బరాజుకి బాగా తెలిసిందే. "చెప్పనులే. చప్పట్లు కొట్టేటప్పుడు మాత్రం నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టు."