దణ్ణం పెట్టని చేతులు

రేచుక్కా గండడూ మనుషులుగా మారగల తోడేళ్ల జంట. వాళ్లను పట్టుకొచ్చిన సర్కసు యజమాని పక్కపక్క బోనుల్లో పెట్టి, "మనుషులై జనానికి దణ్ణం పెట్టండి, కడుపునిండా మాంసం పెడతాను," అన్నాడు.

ఆకలికి గండడు మెత్తబడ్డాడు. "ఒక్కసారి మారదామే."

"వాడి కోసం మారితే నువ్వు నాకు మొగుడివే కావు," అంది రేచుక్క.

ఏడాది చూసి యజమాని విసిగిపోయాడు. ఇవి ఉత్త తోడేళ్లే అనుకుని, తాళంచెవి బోను పక్కనే మేకుకు తగిలించాడు. తోడేలు తాళం తీస్తుందా ఏమిటి?

ఆ మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే, ఊచల మధ్యనుంచి రేచుక్క మనిషి చెయ్యి చాపింది. ముందు గండడి బోను తెరిచి, తర్వాత తనది తెరుచుకుంది.

గండడు ఆ వేళ్లను మూతితో తడిమాడు. "ఇంత అందమైన చేతుల్ని ఏడాదిపాటు దాచావే."

"చూపించి ఉంటే వీటికీ బేడీలు వేసేవాడు."

మళ్లీ తోడేలై, గుడారం ముందు వాకిట్లోంచే తలెత్తుకుని నడిచింది రేచుక్క. గండడు ఒకడుగు వెనకే నడిచాడు, గర్వంగా.