డ్రైవరు నేర్పిన అడుగులు

యుద్ధం ముగిసే ఏడాది. ఆదివారం పొద్దున, కురబలకోట పక్కన పాలెంలో, చర్చి ముందు ఒక మిలిటరీ జీపు ఆగింది.

జీపు తోలుకొచ్చిన నల్లటి అమెరికా మనిషి ఒక్కడే దిగాడు.

ఉపదేశి ప్రేమానందం జీపులోకి తొంగి చూశాడు. వెనక సీటు ఖాళీ.

పాస్టరు దొర ఏడీ?

యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆ పాలేనికి పాస్టరు రాలేదు. ఉపదేశి పాఠాలు చెప్పగలడు గానీ, బాప్తీస్మం ఇవ్వకూడదు. అందుకే పుంగనూరు దారిలో గుడారాలు వేసిన అమెరికా పటాలానికి జాబు రాశాడు, ఒక్కరోజు మీ పాస్టరును పంపమని.

అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది ముసలి అంకయ్య. ఆయన భార్య మేరమ్మను చర్చి సమాధుల తోటలో పెట్టారు. ఆమె పక్కన చోటు దొరకాలంటే తనకూ బాప్తీస్మం కావాలి. దానికోసం తాతల నాటి పలక డప్పును కూడా వదిలేశాడు. జాతర్లలో మోగే పలక కొట్టేవాడికి బాప్తీస్మం లేదని ప్రేమానందం పెట్టిన షరతు మరి.

వచ్చిన మనిషి చెయ్యి చాపి ఏదో చెప్పబోయాడు.

"ఉండు. దొరగారు వచ్చాక చెప్పుకో," అన్నాడు ప్రేమానందం, తనకొచ్చిన బడి ఇంగ్లీషులో.

డ్రైవరు ముందొచ్చాడంటే దొర రైల్లో వస్తాడని తనే అనుకుని, పూలదండ పట్టుకుని స్టేషనుకు పరుగెత్తాడు.

రైలొచ్చింది, పోయింది. దొర దిగలేదు.

తిరిగొచ్చేసరికి చర్చి ముందు ఆడా మగా గుండ్రంగా తిరుగుతున్నారు. ఒకటే చప్పట్లు. డ్రైవరు కర్రతో నేలను దంచుతున్నాడు. అందరికంటే ముందు అంకయ్య, పాదాలు నేలకు రాస్తూ.

"ఇదేంది అంకయ్యా? గంగ జాతరనుకుంటివా?"

"పలక లేదు గదప్పా. కాలితోనే కొట్టొచ్చని ఈయప్ప సూపిస్తాండాడు."

డ్రైవరు కర్ర ఆపాడు.

"మా తాతలు బానిసలు. యజమానులు వాళ్ల డోళ్లనూ లాక్కున్నారు," అన్నాడు ఉపదేశితో మెల్లగా, ఇంగ్లీషులో. "అప్పటి నుంచి మా పాదాలే డోళ్లు. చూడండి, కాలి మీదుగా కాలు వెయ్యం. వేస్తే ఆట. వెయ్యకపోతే ప్రార్థన."

కాళ్లతో ప్రార్థనేమిటి? ప్రేమానందానికి అంతా అయోమయంగా ఉంది. దొర రాలేదన్న ఉక్రోషం దానికి తోడైంది.

"నీ బండి నువ్వు చూసుకో! మావాళ్లను చెడగొట్టొద్దు!"

ఆ మనిషి మళ్లీ నోరు తెరిచి, ఉపదేశి వాలకం చూసి జీపెక్కాడు. జీపు మెల్లగా కదిలింది. అంకయ్య దాని వెంట వంక దాకా నడిచాడు.

తిరిగొచ్చినప్పుడు ముసలాయన తల తడిసి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"వంకలో నీళ్లు సూపించి, నా తల సూపించినా. ఏందో సదివి నీళ్లు పోసినాడప్పా. అయిపోయినట్లే గదా?"

"డ్రైవరు పోస్తే బాప్తీస్మం అవుతుందా, పిచ్చి అంకయ్యా!"

"మరి యాల పోసినాడు?"



బుధవారం అంకయ్య చనిపోయాడు. కూతురు మునిలక్ష్మి వచ్చి ఉపదేశి కాళ్లు పట్టుకుంది.

"మా యమ్మ పక్కన రోంత జాగా ఇయ్యప్పా. నీళ్లు పోయించుకున్నాడు గదా."

"నాకూ ఇవ్వాలనే ఉండాదమ్మా. నియమం ఒప్పుకోదు." అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

అంకయ్యను సమాధుల తోట గోడకు బయట పూడ్చారు.

శుక్రవారం టపాలో పటాలం నుంచి ఉత్తరం వచ్చింది.

"ఆదివారం మీరు నా మాట వినే స్థితిలో లేరు. నొచ్చుకోలేదు లెండి. మీ రిజిస్టరులో ఒక పేరు మాత్రం రాసుకోండి: అంకయ్య. వంక దగ్గర ఆయనకు నేనే బాప్తీస్మం ఇచ్చాను."

కింద సంతకం, ఆ సంతకం కింద హోదా: పటాలం పాస్టరు.