ఇద్దరం ఎక్కాం

నా భార్యను పొట్టన పెట్టుకున్నవాడు ఆ టూరిస్టు బస్సు గైడే. రాజధాని చూపిస్తానని మమ్మల్ని తీసుకెళ్ళి, మ్యూజియం దగ్గర ఆమెను వదిలేసి బస్సు పోనిచ్చాడు. ఆమె బస్సు వెనకాల పరుగెత్తి, నడిరోడ్డు మీద గుండె ఆగి పడిపోయింది.

నెల తిరిగాక కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాణ్ణి బస్సు మెట్ల దగ్గరే పట్టుకున్నాను.

"నలభై తలలు లెక్కపెట్టడం చేతకానివాడివి, ఊరేం చూపిస్తావురా?"

"మెల్లగా నాన్నా," అంది కూతురు. "తప్పయిందని రాసిస్తే వెళ్ళిపోదాం."

గైడు మైకు ఆపేశాడు.

"లెక్కలో ఒకరు తగ్గారు పెద్దాయనా. అందుకే మీ సీటు దగ్గరికొచ్చి, అమ్మగారు ఎక్కారా అని అడిగాను. 'ఇద్దరం ఎక్కాం, వెనక సీట్లో ఉంది, పోనీవయ్యా, అవతల కోట మూసేస్తారు' అన్నారు మీరు."

"చూసే చెప్పి ఉంటారు," అంది కూతురు.

"తల తిప్పలేదమ్మా."

కూతురు నా వైపు తిరిగింది.

"పెళ్ళికెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా అంతేగా నాన్నా. నువ్వు ముందు, అమ్మ వెనక. ఏనాడైనా వెనక్కి చూశావా?"

"ఎప్పుడూ వస్తూనే ఉండేది," అన్నాను.

గైడు కాగితం తీసి, ఏమని రాయమంటారని అడిగాడు. అక్కర్లేదని వచ్చేశాను.

వాడు లెక్క సరిగానే పెట్టాడు. ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇక ఎవరడిగినా ఈ సంగతి మాట్లాడను.